చేను నిలబడి ఉండగానే

(మరణించిన విశ్వాసులను తలచుకునే నవంబర్ మాసంలో, జహీరాబాద్‌లో ఒక ఉపదేశి గారి జ్ఞాపకార్థం చేసిన ప్రసంగ పాఠం. కుటుంబం కోరినందువల్ల ఆయన పేరు ఇక్కడ అచ్చు వేయడం లేదు.)



స్మారకోపన్యాసం అంటే పోయినాయన్ను గంటసేపు పొగిడి, టీ తాగి, ఎవరి ఇంటికి వాళ్లు పోవడమన్నట్టు తయారైంది. పొగడ్త ఆయనకు గిట్టేది కాదు. అందుకని ఆయన గురించి ఒక్క సంగతి చెప్పి విషయంలోకి పోతాను. పదో తరగతి పరీక్షలు అయిపోగానే ఆయన పిల్లల తల్లిదండ్రులను కూడగట్టి కృతజ్ఞతా పూజ చెప్పించేవారు. ఫలితాలు వచ్చాక కాదు, రాకముందే. "ఫెయిలైతే ఎట్ల సార్? చెప్పిన పూజ వాపసు తీసుకుంటమా?" అని ఒక తండ్రి అడిగాడట. "పదేండ్లు బడికి పోయిండు గదా, దానికి చెప్పిద్దాం" అన్నారట ఈయన. ఆ తండ్రి అయ్య ఏనాడూ బడి గడప తొక్కినవాడు కాదు. నేను ఈ పూట చెప్పబోయేదంతా ఆ జవాబులోనే ఉంది. అయినా గంట ఇచ్చారు కాబట్టి వివరంగా చెప్తాను.

మన ఇళ్లలో దేవుడికి కృతజ్ఞత అంటే ఎక్కువగా మొక్కు చెల్లించడం. బిడ్డకు జ్వరం దిగితే, కోడలి కడుపు పండితే, గల్ఫ్ పోయినవాడు క్షేమంగా ఇల్లు చేరితే మొక్కు. 1924లో ఇటలీ దేశపు గురువు ఫాదర్ అర్లాటి విజయవాడ గుణదల కొండ మీద మరియమాత స్వరూపాన్ని నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఆ కొండ ఎక్కే జనాన్ని చూడండి. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయ కొట్టేవాళ్లు, పసిబిడ్డను మాత పాదాల దగ్గర పడుకోబెట్టి మళ్లీ ఎత్తుకునేవాళ్లు. వాళ్లలో క్రైస్తవులు కానివాళ్లూ ఉంటారు. చదువుకున్న కథోలికులు కొందరు వీళ్లను చూసి మూతి విరుస్తారు. నేను విరవను. లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే ఒక్కడే వెనక్కి వచ్చాడు, వాడు కూడా సమరియుడు, పరాయివాడు. గుణదల మెట్లెక్కే గుండు తల ఆ పదోవాడిదే. బాగైన సంగతి మరిచిపోకుండా, చార్జీలు పెట్టుకుని మరీ తిరిగొచ్చాడు.

కానీ మొక్కులో ఒక లెక్క ఉంటుంది. నువ్వు ఇది చేస్తే నేను అది ఇస్తాను అని. పని కాకపోతే? అప్పుడు చాలామంది దేవుడి మీద అలిగి గుడి మానేస్తారు, లేదంటే ఇంకో గుడి చూసుకుంటారు. అదీ కాకపోతే పాస్టర్ గారిని పిలిపించి ఇంట్లో ఏదో దోషం ఉందని చెప్పించుకుంటారు. బుధవారం నిత్యసహాయమాత నవదిన ప్రార్థనల్లో విన్నపాల చీటీలు, కృతజ్ఞతల చీటీలు వేరువేరుగా చదువుతారు కదా. ఏ కట్ట లావుగా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు.

సువార్తల్లో యేసుప్రభువు తండ్రికి కృతజ్ఞత చెప్పిన సందర్భాలు వెతకండి. ముఖ్యమైనవి మూడు చోట్ల కనిపిస్తాయి. అయిదువేల మంది ఆకలితో కూర్చుని ఉండగా, చేతిలో ఒక పిల్లవాడి అయిదు యవల రొట్టెలు, రెండు చేపలు మాత్రమే ఉండగా కృతజ్ఞత చెప్పాడు. రొట్టెలు పంచడం, అందరి కడుపులు నిండడం ఆ తర్వాత. లాజరు సమాధి ముందు రాయి తీసేశారు, లోపల శవం నాలుగు రోజులది, వాసన కొడుతుందని తోబుట్టువే చెప్పింది. ప్రభువు కళ్లు పైకెత్తి తండ్రికి కృతజ్ఞత చెప్పాడు. లాజరు బయటికి వచ్చింది ఆ తర్వాత. మూడోది కడరా భోజనం. పట్టించేవాడు అదే బల్ల దగ్గర కూర్చున్నాడు. తెల్లారితే సిలువ. ఆ రాత్రి రొట్టె తీసుకుని కృతజ్ఞత చెప్పి విరిచాడు. మూడు చోట్లా కృతజ్ఞత ముందు, ఫలితం తర్వాత.

మనం ప్రతి ఆదివారం పాల్గొనే దివ్యబలిపూజ ఆ మూడోదాని మీదే నిలబడి ఉంది. ఆ వారం మంచిదా చెడ్డదా, జీతం పడిందా లేదా అని అడగకుండానే పూజ మనల్ని నిలబెట్టి, ఎల్లప్పుడూ అన్నిచోట్లా దేవునికి కృతజ్ఞత చెప్పడం న్యాయమని మన చేత అనిపిస్తుంది. భర్తను పూడ్చి వచ్చిన వారానికే గుడికి వచ్చిన మనిషి కూడా ఆ మాటకు గొంతు కలపాలి. చాలా పెద్ద మాట అది. అలవాటు పడి మనకు చిన్నదైపోయింది.

ఇప్పుడు మన ఊరికి వస్తాను. కర్ణాటక పొలిమేరలో ఉన్నవాళ్లం. బీదర్ వైపు ఎళ్ళ అమావాస్య అంటారు, మన దగ్గర పాతవాళ్లు శూన్యం పండుగ అంటారు. డిసెంబర్‌లో గానీ జనవరిలో గానీ వస్తుంది. యాసంగి జొన్న పొట్టకొచ్చి ఉంటుంది. పక్క సాళ్లలో శనగ, కుసుమ పచ్చగా ఉంటాయి. ఆ రోజు ఇంటిల్లిపాదీ సజ్జ రొట్టెలు, ఆకుకూరలు పప్పుధాన్యాలు కలిపి వండిన కూర, అంబలి కట్టుకుని చేనుకు పోతారు. చేను కడుపుతో ఉన్న ఆడబిడ్డ అని వాళ్ల నమ్మకం, అందుకే ఆమెకు నచ్చినవి వండుకుపోతారు. చుట్టాలను, చేను లేనివాళ్లను కూడా పిలిచి తింటారు. పంట ఇల్లు చేరాక చేసుకునే పండుగలు దేశమంతటా ఉన్నాయి. ఇది పంట ఇంకా చేతికి రానప్పటి పండుగ. దీని తర్వాత వడగళ్లు పడొచ్చు, పురుగు తగలొచ్చు, అడవిపందులు దూరొచ్చు, పండినా ధర పలకకపోవచ్చు. అవన్నీ తెలిసిన రైతే ఆ రోజు చేనులో కూర్చుని అన్నం తింటాడు.

నేను ఈ సంగతి ఎత్తగానే ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు పెద్దల మొహాలు మారాయి. చేనును మొక్కే పండుగ మనకెందుకని. చేనును మొక్కమని నేను అనడం లేదు. శ్రీసభకు తన సొంత ఆచారమే ఇలాంటిది ఉందని చెప్తున్నాను. పాత పంచాంగంలో ఏడాదికి నాలుగుసార్లు, ఒక్కో రుతువుకు మూడేసి రోజులు ఉపవాసంతో ప్రార్థన ఉండేది. వాటిలో ఒకటి సరిగ్గా డిసెంబర్ నడిమి వారంలో, క్రీస్తు ఆగమన కాలంలో వచ్చేది. 1969లో కొత్త పంచాంగం తెచ్చినప్పుడు రోమ్ ఈ రోజులను తీసిపారేయలేదు. భూమి పంట కోసం, మనుషుల శ్రమ కోసం ప్రార్థించాలనీ, దేవుడికి నలుగురిలో కృతజ్ఞత చెప్పాలనీ రాసి, ఎప్పుడు ఎట్లా చేసుకోవాలో ఆయా దేశాల పీఠాధిపతుల సభలకు వదిలేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో భారతదేశపు పూజలో హారతి, నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి నమస్కరించడం లాంటి పన్నెండు అంశాలకు అనుమతి వచ్చింది. అనుమతి వచ్చి యాభై ఏళ్లు దాటింది. మనం ఏం చేశామో మీరే చెప్పండి.

పంటకు కృతజ్ఞత చెప్పే పని మన పక్కవాళ్లు మనకంటే బాగా చేస్తున్నారు. మన జిల్లాల్లోని సీఎస్ఐ, మెథడిస్ట్ సంఘాలు కోతల పండుగ చేస్తాయి. మొదటి వడ్లు, గుమ్మడికాయ, కోడిపుంజు గుడికి తెచ్చి వేలం వేస్తారు, ఆ వేలంలో నవ్వులే నవ్వులు. మెదక్ పెద్ద గుడి చూసినవాళ్లకు తెలుసు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన ఆ గుడి కరువు కాలంలో జనానికి పని, అన్నం ఇస్తూ కట్టింది. ఆ గోడల్లో ఆకలి కూడా ఉంది. దాన్ని దాచుకోకుండానే అక్కడ కృతజ్ఞత చెప్తారు.

పంట రాకపోతే సంగతేమిటి? హబక్కూకు ప్రవక్త గ్రంథం చివరి అధ్యాయం ఇంటికి పోయి చదవండి. అంజూరం పూయకున్నా, చేను తిండి ఇవ్వకున్నా, దొడ్లో గొర్రెలు లేకున్నా దేవుడిలో సంతోషిస్తానని అంటాడాయన. వానాధారపు రైతు తప్ప ఇంకొకరు రాయలేని మాటలు అనిపిస్తాయి నాకు. అదే ప్రవక్త మొదటి అధ్యాయంలో దేవుడితో తగువు పెట్టుకుంటాడు, ఎంతకాలం మొత్తుకోవాలి, వినవా అని నిలదీస్తాడు. ఆ తగువు చింపేసి చివరి పేజీ మాత్రం చదివితే ప్రవక్తకు అన్యాయం చేసినట్టే.

ఇక్కడ ఆగాలి. ఈ మాట అనకుండా ముందుకు పోతే ఉపన్యాసం అబద్ధమవుతుంది.

"ఉన్నదానితో తృప్తిపడు, దేవునికి కృతజ్ఞతగా ఉండు" అని పేదవాడికి చెప్పడం సులువు. చెప్పేవాడి కడుపు నిండి ఉంటే ఇంకా సులువు. ఈ నేల మీద మన తాతలు "బాంచన్ దొరా, నీ కాల్మొక్త" అన్నారు. గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచారు. వెట్టి చేసి, దొర పారేసిన గింజలకు దండం పెట్టారు. దొరకు ఆ దండం కావాలి, అది లేకపోతే వాడి దొరతనం ఒక్క పూట నిలవదు. దేవుడికి మన దండంతో పనిలేదు. పూజలో గురువు చదివే ఒక ప్రార్థన ఆ మాట దేవుడితోనే అంటుంది. మా స్తుతి నీకు ఏమీ కలపదు, కృతజ్ఞత చెప్పాలన్న కోరిక కూడా నువ్వు ఇచ్చిందే, దానివల్ల మేలు మాకే అని దాని సారం. ఈ తేడా తెలిసిన మనిషి దేవుడి ముందు మోకరిస్తాడు, ఇంకెవరి ముందూ మోకరించడు.

ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో మొదటి పంట గంపలో పెట్టుకుని వచ్చిన ఇశ్రాయేలు రైతు గుడిలో ఏం చెప్పాలో రాసి ఉంది. దేవా, నువ్వు మంచివాడివి అని ఊరుకుంటే చాలదు. మా తండ్రి సంచారి, మేం ఐగుప్తులో బానిసలం, వాళ్లు మమ్మల్ని బాధపెట్టారు, మేం మొరపెట్టాం, నువ్వు బయటికి తెచ్చావు అని మొత్తం కథ చెప్పాలి. అంటే గంప దించేముందు వెట్టి గురించి చెప్పాలన్నమాట. ఆ తర్వాత లేవీయుడితో, ఊళ్లో ఉన్న పరదేశితో కలిసి పండుగ చేసుకోవాలి. మన కృతజ్ఞతా పూజల్లో ఈ వెట్టి కథ ఎక్కడుంది? జహీరాబాద్ చుట్టూ ఉన్న క్రైస్తవుల్లో దళితులే ఎక్కువ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులు ఇప్పటికీ బయటే. రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చి చేతులు దులుపుకున్నారు. దేవుడు ఇచ్చిన బాప్తిస్మానికి కృతజ్ఞత చెప్తూనే దీని మీద పిటిషన్ వేయొచ్చు, ధర్నా చేయొచ్చు. రెండూ ఒకే నోటితో చేయాల్సినవే.

పునీత జోసఫీన్ బకీత సంగతి మీలో కొందరు వినే ఉంటారు. సూడాన్ దేశపు పిల్ల, చిన్నప్పుడే ఎత్తుకుపోయి బానిసగా అమ్మారు. తనను ఎత్తుకుపోయినవాళ్లు ఎదురైతే మోకరించి వాళ్ల చేతులు ముద్దాడతాను, ఆ దారినే కదా క్రీస్తు దొరికాడు అని ఆమె తర్వాత అన్నదని చెప్తారు. ఈ మాటను ప్రసంగాల్లో చాలాసార్లు విన్నాను. దీనికి ముందు జరిగింది ఒక్కసారీ వినలేదు. 1889లో వెనిస్‌లో యజమానురాలు వెనక్కి తీసుకుపోవడానికి వస్తే బకీత రానని మొండికేసింది. సంగతి కోర్టుకెక్కింది. నవంబర్ 29న ఆమె స్వతంత్రురాలని తీర్పు వచ్చింది. చేతులు ముద్దాడతానన్నది ఆ చేతుల్లోంచి బయటపడిన మనిషి. ఆ మాట అనే హక్కు ఆమె ఒక్కదానిదే. ఆమె తరఫున ఏ యజమానీ అనకూడదు, ఏ గురువూ అనకూడదు.

ముందు జరిగింది మరవకూడని కథ మన దగ్గరా ఉంది. మన అగ్రపీఠాధిపతి కార్డినల్ పూల ఆంథోని గారిది అప్పటి కర్నూలు జిల్లా. పేదరికం వల్ల ఏడో తరగతి తర్వాత చదువు ఆగిపోతే మిషనరీలు మళ్లీ బడిలో చేర్చారు. 2022 ఆగస్టు 27న ఆయన కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో మొదటివారు, దళితుల్లోనూ మొదటివారు. ఆ రోజు మనమంతా మిఠాయిలు పంచుకున్నాం. మంచిదే. ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన పిల్లలు ఇప్పుడు మన వాడల్లో ఎంతమంది ఉన్నారో లెక్కేసి, ఒక్కొక్కరి ఇంటికి పోయి ఉంటే పంచిన మిఠాయి ఇంకా తీయగా ఉండేది.

ఇక రోజువారీ సంగతులు. ఇవి చిన్నవి కాబట్టి తొందరగా చెప్తాను.

యేసు సభ స్థాపకుడు పునీత ఇగ్నేషియస్ లొయోలా తనవాళ్లకు రాత్రి ఆత్మపరిశీలన నేర్పాడు. అందులో అయిదు మెట్లు. మనమైతే మొదటి మెట్టు పాపాల లెక్క అనుకుంటాం. కాదు, ఆ రోజు అందిన మేళ్లకు కృతజ్ఞత. తప్పుల లెక్క మూడోది. 1542 మార్చిలో సిమాన్ రోడ్రిగెస్ అనే సహచరుడికి రాసిన ఉత్తరంలో ఇగ్నేషియస్ కృతఘ్నతను పాపాలన్నింటిలోకీ అసహ్యమైనదిగా, మిగతా పాపాలకు మూలంగా చెప్పాడు. మొదట్లో ఇది నాకు అతిగా అనిపించింది. ఆస్తి పంపకాల్లో అన్నదమ్ములు కొట్టుకోవడం చూశాక అతి కాదనిపించింది. పడుకునే ముందు అయిదు నిమిషాలు చాలు. అయితే ఆ లెక్కలో ఏం రాస్తామన్నది ముఖ్యం. మనం సాధించినవి రాసుకుంటే అది కృతజ్ఞత కాదు, బయోడేటా. మన చేలలో తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి ఎవరూ విత్తకుండానే మొలుస్తాయి. ఎరువులమ్మే కొట్టువాడు వాటిని కలుపు అంటాడు, మన ఆడవాళ్లు వండి పెడతారు. రాత్రి లెక్కలో అలాంటివి రాయండి. మీరు విత్తకుండా మీ పళ్లెంలోకి వచ్చినవి.

పళ్లెం అన్నాను కాబట్టి భోజన ప్రార్థన. ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో రాసిన 'లౌదాతో సి' విశ్వలేఖ 227వ పేరాలో భోజనానికి ముందూ వెనుకా దేవునికి కృతజ్ఞత చెప్పే అలవాటు మళ్లీ తెచ్చుకోమని అడిగారు. సృష్టి ఇచ్చినదానికి, ఆ తిండిని మన దాకా తెచ్చిన మనుషుల కష్టానికి, మనకంటే లేనివాళ్లను తలచుకోవడానికి అని కారణాలు చెప్పారు. వెనుక కూడా అన్నారు, గుర్తుంచుకోండి. తిన్నాక ప్రార్థన చేసే ఇల్లు ఈ మధ్య నాకు కనిపించలేదు. తిన్నాక రిమోట్ వెతుకుతాం.

గుడిలో దివ్యసత్ప్రసాదం తీసుకున్నాక మౌనంగా కూర్చునే కొద్ది నిమిషాలు ఉండాలి. అది మన పూజలో ఇప్పుడు ప్రకటనలకు పోయింది. ఫలానావారు మైకు సెట్టు ఇచ్చారు, ఫలానావారు పూలు తెచ్చారు అని చదువుతుంటాం. దాతలకు కృతజ్ఞత చెప్పాలి, కాదనను. వాళ్ల పేర్లు గుడి బయట బోర్డు మీద రాయొచ్చు, పూజ ముగిశాక చదవొచ్చు. ఆ నిమిషాలు మాత్రం దేవుడివి. ఫాదర్ గారు నవ్వుతున్నారు. మాటిచ్చినట్టే లెక్క.

చివరిగా ఇవ్వడం. మన పక్కనే పస్తాపూర్‌లో 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు పాత పంటల విత్తనాలు కాపాడుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది దళితులు, ఒకప్పుడు కూలికి పోయినవాళ్లు. సంస్థను నిలబెట్టినవారిలో ఒకరైన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు. చిరుధాన్యాల కోసం ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ఏడాదే అది. ఆ సంఘాల్లో విత్తనం అమ్మరు. అడిగినవాళ్లకు ఇస్తారు, పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ తెచ్చి ఇవ్వాలి. అది ఇంకొకరికి పోతుంది. మన సంఘంలో కృతజ్ఞత కానుక అంటే కవరు, కవరు మీద పేరు. వాళ్ల పద్ధతిలో ఎవరికి ఎవరు బాకీ అన్నది రెండు మూడు ఏళ్లలో కలిసిపోయి, ఎవరూ ఎవరికీ దొర కాకుండా పోతారు. వాళ్లు దీన్ని మత విషయంగా చెప్పరు, నేనూ వాళ్ల నోట పెట్టను. మనం నేర్చుకోవాల్సింది మాత్రం ఉంది. ఒకరి పిల్లకు ఫీజు కట్టి సాయం చేస్తే, ఆ పిల్ల పెద్దయ్యాక మీకు దండం పెట్టనక్కర్లేదు. ఇంకో పిల్లకు కడితే సరి.

ఒక పని అడిగి దిగిపోతాను. వచ్చే ఎళ్ళ అమావాస్యకు దగ్గరలోని ఆదివారం, మధ్యాహ్నం పూట, జొన్న నిలబడి ఉన్న ఒక చేనులో పూజ పెట్టుకుందాం. పూజగ్రంథంలో విత్తే కాలానికి, కోతల తర్వాతకు, దేవునికి కృతజ్ఞతకు వేరువేరు ప్రార్థనలున్నాయి, వాటిలో ఏది తగునో గురువులు చూస్తారు. గంపలో నిండు కంకులు అక్కర్లేదు, అవి అప్పటికి గింజ పట్టవు కూడా. చేను లేనివాళ్లు, ఫ్యాక్టరీ షిఫ్టుల్లో ఉన్నవాళ్లు, ఆటో తోలేవాళ్లు ముందు వరుసలో కూర్చోవాలి, ఎందుకంటే ఆ పంటలో కూలీ వాళ్లదో వాళ్ల అమ్మదో ఉంటుంది. కానుకలు తెచ్చేటప్పుడు ఒకరు నిలబడి తమ ఇంటి కథ చెప్పాలి, తాతల వెట్టి దగ్గర మొదలుపెట్టి. రొట్టెలకు సజ్జలు ఎవరిస్తారు, అంబలికి కుండలు ఎవరివి, చేను ఎవరిది అన్నవి ఇంకా తేలలేదు. చేను ఇవ్వగలవాళ్లు సిస్టర్ల దగ్గర పేరు రాయించండి. తొక్కుడుకు నాలుగు సాళ్లు పోతాయి, అది ముందే చెప్తున్నాను.